భగేలా, ఆడబాప, జోగిని: అమెరికా బానిసత్వ చరిత్ర పక్కన పెట్టి చూసినప్పుడు

1. ప్రవేశిక

అనువాద సాహిత్యం పాఠంలో భాగంగా, అలెక్స్ హేలీ 'రూట్స్' నవలకు సహవాసి చేసిన తెలుగు అనువాదం 'ఏడు తరాలు'ను డిగ్రీ విద్యార్థుల చేత చదివించినప్పుడు ఒక ప్రశ్న ఎదురైంది. కుంటా కింటే కథ ముగిసిన మరునాడు, జుక్కల్ వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థిని లేచి, "మా తాత పటేలు ఇంట్ల భగేలా ఉండె మేడం. ఆయన గూడ బానిసేనా?" అని అడిగింది. నేను సమాధానం కూడదీసుకొనేలోపే రెండవ ప్రశ్న వచ్చింది. "నాయినమ్మ గూడ అదే ఇంట్ల చేసింది. ఆమెనైతే ఎవ్వరు భగేలా అనలే. మరి ఆమె ఎవరు?"

మొదటి ప్రశ్నకు చట్టాలు, ప్రభుత్వ పత్రాలు ఏదో ఒక సమాధానం చెబుతాయి. రెండవ ప్రశ్నకు అవి చెప్పవు. ఎందుకు చెప్పవన్నదే ఈ వ్యాసంలో చర్చనీయాంశం. 19వ శతాబ్దపు అమెరికాలో బానిసత్వం, అంతర్యుద్ధం, స్త్రీల హక్కులు అనే మూడు విషయాలు పెనవేసుకొని నడిచిన తీరును పక్కన పెట్టుకొని చూస్తే, తెలంగాణ పశ్చిమ సరిహద్దులోని దాస్య రూపాలు మరింత స్పష్టంగా కనిపిస్తాయి. పోలిక అంటే సమానత కాదు. రెండింటినీ 'బానిసత్వం' అనే ఒకే మాటతో పిలిచేటప్పుడు ఏమి మరుగున పడుతోందో తెలుసుకోవడానికే ఈ పోలిక.

జుక్కల్ ప్రాంతం గురించి ఒక మాట. ఇది మహారాష్ట్ర, కర్ణాటకలు రెండూ కలిసే మూల. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా ఏర్పడేవరకు నిజామాబాదు జిల్లాలో ఉండేది; 1948కి ముందు నిజాం రాజ్యంలో భాగం. తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ కలగలిసిన వాడుక ఇక్కడిది. ఇక్కడి దాస్య పదజాలం కూడా ఆ నాలుగు భాషల కలయికలో నుంచే వచ్చింది. నల్లరేగడి నేలలు కావడంతో మద్నూరు చుట్టుపక్కల పత్తి ప్రధానమైన పంట. అమెరికాతో ఈ నేలకున్న తొలి పోలిక ఆ పత్తిలోనే ఉంది.

2. ఆస్తిగా మనిషి

అంతర్యుద్ధానికి ముందు బ్రిటన్ మిల్లులకు చేరే దూదిలో నాలుగింట మూడు వంతులకు పైగా అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి వచ్చేది. దానిని పండించింది బానిసలు. 1860 జనాభా లెక్కల నాటికి అక్కడి బానిసల సంఖ్య దాదాపు 39.5 లక్షలు. 1861 ఏప్రిల్‌లో యుద్ధం మొదలై దక్షిణ రేవులు మూతపడగానే బ్రిటన్ చూపు దక్కను రేగడి నేలల మీద పడింది. 1853 ఒప్పందంతో నిజాం నుంచి కంపెనీ తన పాలనలోకి తీసుకున్న బేరారు ఆ కొద్ది సంవత్సరాలలో పత్తికి పెట్టింది పేరైంది. యుద్ధం 1865లో ముగియగానే ధరలు కూలాయి. అట్లాంటిక్ అవతలి బానిసల విముక్తికి, దక్కను రైతు అప్పుకు మధ్య ఉన్న ఈ లంకెను చరిత్రకారులు చాలాకాలంగా చర్చిస్తున్నారు. సాహిత్య విద్యార్థులకు మాత్రం ఆ చర్చ అంతగా చేరలేదు.

అమెరికా బానిసత్వంలో ప్రధాన లక్షణం యాజమాన్యం. మనిషిని కొనవచ్చు, అమ్మవచ్చు, తాకట్టు పెట్టవచ్చు, వీలునామాలో రాసి ఇవ్వవచ్చు. పారిపోయినవారిని ఉత్తరాది రాష్ట్రాలు సైతం పట్టి అప్పగించాలని 1850 చట్టం శాసించింది. నల్లజాతివారు అమెరికా పౌరులు కాలేరని 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. యాజమాన్యం చట్టం ఇచ్చినదే కనుక దానిని చట్టం ద్వారానే రద్దు చేయడం సాధ్యమైంది. 1863 జనవరి 1న లింకన్ విముక్తి ప్రకటన, 1865 డిసెంబరులో 13వ రాజ్యాంగ సవరణ వచ్చాయి. ఇంత స్పష్టమైన ముగింపు తేదీ మన దాస్యాలలో దేనికీ లేదు.

ఆ విముక్తి వార్త మనకు పొరుగునే ఉన్న మరాఠీ నేలను వెంటనే చేరింది. జోతీరావు ఫూలే 1873లో ప్రచురించిన 'గులాంగిరీ'ని నీగ్రో బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితం చేశాడు. కులాన్ని గులాంగిరీగా పేర్కొనడం ఆయన చేసిన పెద్ద పని. మద్నూరు నుంచి దెగ్లూరు ఎంత దూరమో తెలిసినవారికి, ఆ మాట ఈ సరిహద్దు దాటి తెలుగు సాహిత్య చర్చలోకి రావడానికి అంతకాలం ఎందుకు పట్టిందన్న ఆశ్చర్యం కలగక మానదు.

3. అప్పుగా మనిషి

భగేలా పద్ధతిలో మనిషిని ఎవరూ కొనలేదు. పెళ్ళికో, చావుకో, కరువు ఏడు గింజలకో పేదవాడు పటేలు దగ్గరో, దేశ్‌ముఖ్ దగ్గరో అప్పు తీసుకొంటాడు. ఆ అప్పు తీరేవరకు అతని ఇంట పని చేయాలి. పనికి కట్టే విలువ తిండికీ గుడ్డకూ సరిపోయేంత. వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. గింజలు తీసుకొంటే 'నాగు' కింద వచ్చే పంటకు ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇవ్వాలి. ఉగాదికి లెక్క చూస్తారు. లెక్క రాసేది పట్వారీ, చదివేదీ అతడే. భగేలా చనిపోతే కొడుకు వచ్చి నిలబడతాడు. చట్టం దృష్టిలో అతడు స్వతంత్రుడే. ఇష్టపడి అప్పు తీసుకున్నాడు, ఇష్టపడి పనిచేస్తున్నాడు.

ఇక్కడ 'జీతం' అనే మాట గమనించదగినది. నెల తిరగగానే నా బ్యాంకు ఖాతాలో పడేదీ జీతమే. 'జీతం ఉన్నడు' అంటే ఈ ప్రాంతంలో ఏడాది పొడుగునా ఒక ఇంటికి కట్టుబడి ఉన్నాడని అర్థం. ఒకే పదం ఒకచోట ఉద్యోగ గౌరవాన్ని, మరొకచోట కట్టుబాటును సూచిస్తుంది. ఈ రెండవ అర్థాన్ని మాండలిక ప్రయోగంగా మాత్రమే గుర్తించి వదిలేస్తే, ఆ పదంలో ఉన్న ఆర్థిక చరిత్రనంతా వదిలేసినట్లే.

'భగేలా బానిసేనా' అన్న ప్రశ్నకు సరైన పోలిక 1865కు ముందున్న అమెరికాలో దొరకదు. ఆ తరువాతి అమెరికాలో దొరుకుతుంది. విముక్తులైన నల్లవారికి భూమి దక్కలేదు. పాత యజమాని భూమినే పాలుకు తీసుకొని, విత్తనం, పనిముట్లు, తిండి అన్నీ అతని దుకాణంలోనే అప్పుగా తెచ్చుకొని, ఏడాది చివర అతను చూపిన లెక్కకు తల ఊపవలసి వచ్చేది. పని విడిచి వెళితే నేరం. ఇలాంటి అప్పు చాకిరీని నిషేధిస్తూ 1867లోనే ఒక చట్టం వచ్చినా అది కాగితం మీదే ఉండిపోయింది. అడ్వాన్సు తీసుకొని పని మానేసినవారిని మోసగాళ్ళుగా శిక్షించే అలబామా చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టివేయడానికి 1911 వరకు ఆగవలసి వచ్చింది. పైగా 13వ సవరణలోనే ఒక మినహాయింపు ఉంది. నేరానికి శిక్షగా నిర్బంధ చాకిరీ చేయించవచ్చు. చిన్న చిన్న నేరాలు మోపి ఖైదీలను గనులకు, తోటలకు అద్దెకు ఇచ్చే పద్ధతి ఆ మినహాయింపు చాటున పెరిగింది.

కనుక ఆ విద్యార్థిని తాత కుంటా కింటే కాడు. కుంటా కింటే మనుమల తరువాత వచ్చిన పాలు కౌలుదారుతో పోల్చదగినవాడు. మన ధర్మశాస్త్రకారులకు ఈ భేదం తెలుసు. మనువు ఏడు రకాల దాసులను చెప్పాడు. నారదుడు వారిని పదిహేనుకు పెంచి, పెద్ద అప్పు నుంచి విడిపించినందుకు దాసుడైనవానిని విడిగా లెక్కించాడు. ఆ పదిహేను రకాలనూ తన వ్యాఖ్యలో చర్చించిన విజ్ఞానేశ్వరుడు 'మితాక్షర'ను రచించిన కల్యాణి నేటి బీదరు జిల్లాలో, జుక్కల్‌కు పొరుగునే ఉంది. అప్పుదాస్యం ఈ ప్రాంతానికి ఎవరో బయటినుంచి తెచ్చినది కాదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

కంపెనీ పాలనలోని ప్రాంతాలలో 1843 చట్టం బానిసత్వాన్ని న్యాయస్థానాలు గుర్తించరాదన్నది. నిజాం రాజ్యానికి అది వర్తించలేదు. వర్తించి ఉన్నా భగేలాకు ఉపయోగపడేది కాదు; ఎందుకంటే భగేలా ఎవరి ఆస్తీ కాడు, అప్పుదారు. నిజాం ప్రభుత్వం 1936లోనూ, మళ్ళీ 1943లోనూ భగేలా ఒప్పందాల మీద నిబంధనలు చేసింది. 'ఒప్పందాలు' అన్న మాటను గమనించాలి. ప్రభుత్వం నియంత్రించదలచినది ఒప్పందాన్ని. ఒప్పందం కాగితం మీదికి రావాలంటే అది చదవగలిగిన మనిషి ఉండాలి కదా.

4. తల్లి వైపు నుంచి

ఇక రెండవ ప్రశ్న.

1662లో వర్జీనియా శాసనసభ ఒక చిన్న చట్టం చేసింది. బిడ్డ స్వతంత్రుడా, బానిసా అన్నది తల్లి స్థితిని బట్టి నిర్ణయమవుతుంది. ఇంగ్లండు సంప్రదాయంలో బిడ్డ తండ్రి స్థితిని పొందుతాడు. వలసలో దానిని తలకిందులు చేశారు. కారణం స్పష్టం. యజమాని బానిస స్త్రీతో బిడ్డను కంటే ఆ బిడ్డ వారసుడు కాకూడదు, ఆస్తి కావాలి. ఆఫ్రికా నుంచి మనుషులను దిగుమతి చేసుకోవడం 1808లో నిషిద్ధమైన తరువాత కూడా బానిసల సంఖ్య లక్షల్లో పెరుగుతూ పోయిందంటే, ఆ పెరుగుదల ప్రధానంగా స్త్రీ గర్భం నుంచి వచ్చినదే. అమెరికా బానిసత్వానికి పత్తి చేను ఎంత ఆధారమో ఈ చట్టమూ అంతే ఆధారం.

ఈ సూత్రం తెలుగు పాఠకులకు కొత్తదేమీ కాదు. నన్నయ ఆదిపర్వంలో కద్రువ, వినతల పందెం కథను మనం ఏటా పాఠంగా చెబుతాం. గుర్రం తోక రంగు మీద పందెం ఓడి వినత దాసి అవుతుంది. పందెంలో గరుత్మంతుని పాత్ర ఏమీ లేదు. అప్పటికి గుడ్డులోంచి బయటికైనా రాలేదు. అయినా పాములను వీపున మోయవలసింది అతడే. తానెందుకు మోయాలని తల్లిని అడిగి, తల్లి దాస్యమే తన దాస్యమని తెలుసుకొని, విడుదల వెల ఏమిటని పాములనే అడుగుతాడు. ఈ ఘట్టాన్ని మాతృభక్తికి ఉదాహరణగా బోధించడం పరిపాటి. దాస్యం తల్లి ద్వారా సంక్రమిస్తుందన్న ఒక సామాజిక నియమానికి తెలుగు కావ్య సాహిత్యంలో లభించే తొలి సాక్ష్యంగా కూడా దానిని చదవవచ్చునని నా అభిప్రాయం.

రెండవ సాక్ష్యం తిట్టులో ఉంది. పాత తెలుగులో 'తొత్తు' అంటే దాసి. నేటి రాజకీయ భాషలో ఆ పదం ఎవరి పంచనో చేరి వారి పని చేసేవానికి వాడుతున్నాం. స్త్రీ అనే అర్థం పూర్తిగా జారిపోయింది. కాని 'తొత్తుకొడుకు' అనే తిట్టులో పాత అర్థం అలాగే నిలిచి ఉంది. దాసి కొడుకు అన్నది అవమానం కావాలంటే, కొడుకు స్థాయిని తల్లి స్థాయి నిర్ణయిస్తుందని తిట్టేవాడికీ పడేవాడికీ తెలిసి ఉండాలి. వర్జీనియా వారు చట్టంగా రాసుకున్నదాన్ని మనం తిట్టుగా దాచుకున్నాం.

ఆడబాప వ్యవస్థను ఈ నేపథ్యంలో చూడాలి. తెలంగాణ గడీలలో దొర కూతురు పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళేటప్పుడు ఆమె వెంట దాసీపిల్లలను పంపేవారు. నగలు, గొడ్లు, పాత్రలతో పాటు ఆ పిల్ల కూడా సారెలో ఒక వస్తువు. పగలు ఇంటి చాకిరీ, రాత్రి దొరకో అతిథికో లొంగి ఉండటం. పుట్టిన పిల్లలు గడీలోనే పెరిగి గడీకే చాకిరీ చేసేవారు. ఆడపిల్ల అయితే తరువాతి తరం ఆడబాప. పుచ్చలపల్లి సుందరయ్య సాయుధ పోరాట చరిత్రలో ఈ ఆచారాన్ని దొరల దురంతాలలో ఒకటిగా నమోదు చేశారు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' నవల గడీ జీవితాన్ని చిత్రిస్తూ ఆడబాపను పాఠకుల ముందు నిలబెట్టింది.

భగేలాకూ ఆడబాపకూ మధ్య భేదం ఇక్కడ తేటపడుతుంది. భగేలా వెనుక ఒక అప్పు ఉంది. అది అన్యాయమైనదే కావచ్చు, తప్పుడు లెక్కే కావచ్చు, కాని తీరుతుందన్న ఊహకైనా అవకాశం ఉంది. ఆడబాప ఎవరికీ బాకీ లేదు. బాకీ లేనిదే తీర్చేదేమిటి? ఆమె స్థితి యాజమాన్యానికి దగ్గరగా ఉంటుంది, అప్పుకు కాదు. అంటే 1865కు ముందటి అమెరికాతో నిజంగా పోల్చదగినవారు మన సమాజంలో ప్రధానంగా స్త్రీలే. తరగతిలో అడిగిన రెండు ప్రశ్నలకు రెండు వేర్వేరు సమాధానాలు కావలసి రావడానికి కారణం ఇదే.

చట్టం ముందు ఇలాంటి స్త్రీ ఏమవుతుందో చెప్పే ఒక కేసు మిస్సోరీ రాష్ట్రంలో నడిచింది. సీలియా అనే బానిస బాలికను 14 ఏళ్ళ వయసు ప్రాంతంలో రాబర్ట్ న్యూసమ్ అనే రైతు కొన్నాడు. అయిదేళ్ళు అత్యాచారం చేశాడు. 1855 జూన్‌లో ఒక రాత్రి ఆమె అతన్ని కొట్టి చంపింది. బలాత్కారాన్ని ఎదిరించే హక్కు 'ఏ స్త్రీకైనా' ఉందని అప్పటి మిస్సోరీ చట్టం చెబుతోంది. ఆమె తరఫు న్యాయవాదులు ఆ మాటనే పట్టుకొన్నారు. 'ఏ స్త్రీ' అన్న మాటలోకి బానిస స్త్రీ రాదన్నట్లుగా న్యాయమూర్తి జ్యూరీకి సూచనలిచ్చాడు. ఆ డిసెంబరులో ఆమెను ఉరి తీశారు. చట్టంలో స్త్రీ అన్న పదం ఉంది. ఆ పదంలో ఆమె లేదు.

5. సభలు, పోరాటాలు

1848 జూలైలో న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా ఫాల్స్‌లో జరిగిన స్త్రీల హక్కుల సభ ప్రసిద్ధం. ఆ సభలో పాల్గొన్నట్లు ఆధారమున్న ఒకే ఒక్క నల్లజాతి వ్యక్తి ఫ్రెడరిక్ డగ్లస్. నల్లజాతి స్త్రీ ఒక్కరైనా ఉన్నట్లు ఆధారం లేదు. యుద్ధం తరువాత జాతిని బట్టి ఓటు నిరాకరించరాదని 15వ సవరణ 1870లో అమలులోకి వచ్చినప్పుడు అందులో స్త్రీల ప్రస్తావన లేదు. ఆ విషయం మీదే స్త్రీల ఉద్యమం 1869లో రెండుగా చీలింది. ఎలిజబెత్ కేడీ స్టాంటన్ వంటివారు ఆ సవరణను వ్యతిరేకిస్తూ వాడిన భాషలో జాతి అహంకారం దాగలేదు. అటు నల్లజాతి పురుషుని హక్కుకూ, ఇటు తెల్లజాతి స్త్రీ హక్కుకూ మధ్య నల్లజాతి స్త్రీ ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పలేదు.

తెలంగాణలో 1930లో జోగిపేటలో తొలి నిజాంరాష్ట్ర ఆంధ్రమహాసభ సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగినప్పుడు, దానితో పాటే ఆంధ్ర మహిళాసభ నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన జరిగింది. 1937లో ఆరవ మహాసభకు నిజామాబాదు వేదికైంది. మందుముల నరసింగరావు మహాసభకూ, నందగిరి ఇందిరాదేవి మహిళాసభకూ అధ్యక్షులు. ఈ సభల కృషిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆడపిల్ల చదువు కోసం ఆనాడు వేదిక ఎక్కి మాట్లాడటమే సాహసం. అయితే రెండు సభల అజెండాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. మహాసభ క్రమంగా వెట్టిచాకిరీని తన ప్రధాన సమస్యగా చేసుకొన్నది. మహిళాసభ ప్రధానంగా స్త్రీ విద్య, బాల్యవివాహాలు, వితంతు వివాహం గురించి మాట్లాడింది. ఆడబాప సమస్య ఈ రెండింటికీ నడుమ పడుతుంది. వెట్టి అంటే అందరి ఊహలోకి వచ్చేది పురుషుడు. స్త్రీ సమస్య అంటే ఊహలోకి వచ్చేది గృహిణి. గడీ వెనుక వాకిలి ఏ తీర్మానం కిందికి వస్తుంది?

1946–51 సాయుధ పోరాటాన్ని మన అంతర్యుద్ధంగా భావించేవారున్నారు. పోరాట నాయకుల లెక్క ప్రకారం మూడు వేల గ్రామాలలో వెట్టి ఆగిపోయింది. చాకలి ఐలమ్మ పేరు తెలియని తెలుగు విద్యార్థి ఉండడు. కాని ఆ పోరాటం ప్రధానంగా నల్లగొండ, వరంగల్లు, ఖమ్మం ప్రాంతాలది. జుక్కల్, మద్నూరు, బిచ్కుందలలో అలాంటి యుద్ధం జరగలేదు. 1948 పోలీసు చర్య, 1949 జాగీర్ల రద్దు, 1950 కౌలుదారీ చట్టం పైనుంచి వచ్చాయి. పటేలు పటేలుగానే ఉన్నాడు. భగేలా ఏ తేదీన ఆగిందో ఈ పల్లెల్లో ఎవరినడిగినా చెప్పలేరు. బోర్లు వేసినప్పుడనో, కొడుకు బతుకుదెరువుకు హైదరాబాదో గల్ఫో పోయినప్పుడనో చెబుతారు.

పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చేవరకు వారి మాట పుస్తకంలోకి రాలేదు. ఇది కూడా అమెరికా అనుభవాన్ని గుర్తుకు తెస్తుంది. హారియెట్ జాకబ్స్ తన యజమాని వేధింపులు తప్పించుకోవడానికి అమ్మమ్మ ఇంటి అటకలో దాదాపు ఏడేళ్ళు దాగి ఉంది. ఆ అనుభవాన్ని 1861లో మారుపేరుతో ప్రచురించింది. దానిని ఒక తెల్లజాతి రచయిత్రి రాసిన నవలగా చాలాకాలం భావించారు. జీన్ ఫాగన్ యెల్లిన్ అనే పరిశోధకురాలు ఉత్తరాలు, పత్రాలు వెతికి, అది జాకబ్స్ స్వయంగా రాసిన జీవితమేనని 1980లలో నిరూపించింది. 120 ఏళ్ళు పట్టింది.

6. జాబితాలో ఉన్నవి, లేనివి

వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది; 1975 అక్టోబరు 25 నుంచి అమలైనట్లు భావించాలని చట్టమే చెప్పింది. భాషా పరిశోధకులు ఈ చట్టాన్ని తప్పక చదవాలని నేను అంటాను. 'ఒప్పందం' అనే మాటకు నిర్వచనం ఇస్తూ, దేశంలో ఏయే పేర్లతో నిర్బంధ చాకిరీ ఉందో ఆ చట్టం ఒక జాబితా ఇచ్చింది. ఆ పేర్లున్నచోట అప్పిచ్చినవానికీ అప్పుదారుకూ మధ్య ఒప్పందం ఉన్నట్లుగా ఆచారాన్ని బట్టి భావించాలి. జాబితాలో భగేలా ఉంది. జీత ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. ఇన్ని ప్రాంతాల మాటలు ఒక పార్లమెంటు చట్టంలో చోటు చేసుకోవడం అరుదు. వివాదం వస్తే అది చాకిరీ అప్పు కాదని రుజువు చేసే బాధ్యతను కూడా అప్పిచ్చినవాని మీదే పెట్టారు. 1936 నిబంధనతో పోలిస్తే ఇది చాలా దూరం వచ్చిన చట్టం.

ఆ విద్యార్థిని తాతకు ఇందులో పేరుంది. ఆడబాపకు లేదు. దానికి శాసనకర్తల నిర్లక్ష్యం మాత్రమే కారణమని నేను అనుకోను. జాబితా మొత్తం అప్పు, ఒప్పందం అనే పునాది మీద నిలబడింది. ఆడబాపది అప్పు కాదు, జోగినిదీ కాదు. కనుక ఆ చట్రంలో వారికి చోటు దొరకదు. రాజ్యాంగంలోని 23వ అధికరణ మనుషుల వ్యాపారాన్నీ నిర్బంధ చాకిరీనీ ఒకే వాక్యంలో నిషేధించింది. ఆ వాక్యం నుంచి చట్టాల దాకా వచ్చేసరికి ఆ రెండూ వేర్వేరు దారులు పట్టాయి.

జోగిని సంగతి ఈ ప్రాంతానికి మరీ దగ్గరిది. ఎల్లమ్మ పేర, పోచమ్మ పేర దళిత బాలికలను దేవతకు 'ఇచ్చి', ఊరి పెద్దలకు అందుబాటులో ఉంచిన ఆచారం పాత నిజామాబాదు జిల్లాలో బలంగా ఉండేది. 1980లలో హేమలతా లవణం (మహాకవి జాషువా కుమార్తె) వర్నిలో 'చెల్లి నిలయం' ద్వారా జోగినుల పునరావాసానికి పనిచేశారు. కర్ణాటక 1982లో, ఆంధ్రప్రదేశ్ 1988లో దేవదాసీలుగా అంకితం చేయడాన్ని నిషేధిస్తూ చట్టాలు చేశాయి. ఆంధ్రప్రదేశ్ చట్టం జోగిని, బసివి, మాతమ్మ వంటి పేర్లను నిర్వచనంలోనే చేర్చింది. భగేలా పేరు చట్టంలోకి ఎక్కిన 12 సంవత్సరాల తరువాత అదే ఊరి జోగిని పేరు ఎక్కిందన్నమాట. జోగిని బిడ్డకు బడిలో తండ్రి పేరు ఏమి రాయాలన్నది ఆ తరువాత కూడా చాలాకాలం సమస్యగానే ఉండిపోయింది. 1662 నాటి వర్జీనియాలో తల్లి పేరే బిడ్డకు సంకెల. ఇక్కడ తండ్రి గడి ఖాళీగా ఉండటమే ఊరందరికీ గుర్తు.

ఈ విషయం మీద క్షేత్ర పరిశోధన చేసేవారికి ఒక జాగ్రత్త. సోజర్నర్ ట్రూత్ 1851లో ఓహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో చేసిన ప్రసంగం లోకప్రసిద్ధం. దానికి అందరూ ఉదహరించే పాఠం ఫ్రాన్సెస్ గేజ్ పన్నెండేళ్ళ తరువాత రాసినది. అందులో ట్రూత్ దక్షిణాది బానిసల యాసలో మాట్లాడుతుంది. నిజానికి ఆమె న్యూయార్క్ రాష్ట్రంలో డచ్చి మాట్లాడే ఇంట పుట్టి పెరిగింది. 1851లోనే ఒక పత్రిక ప్రచురించిన పాఠంలో ఆ యాస లేదు, ఆ ప్రసిద్ధమైన పల్లవీ లేదు. సానుభూతితో రాసినవారే ఆమె భాషను మార్చారు. జుక్కల్ ప్రాంతపు వృద్ధురాలి మాటలో మరాఠీ క్రియలు, కన్నడ బంధుత్వ పదాలు, ఉర్దూ రెవెన్యూ మాటలు కలిసి వస్తాయి. దానిని సిద్ధాంత గ్రంథం కోసం శిష్ట తెలుగులోకో, పాఠకులు గుర్తుపట్టే 'తెలంగాణ యాస'లోకో దిద్దుకోవడం మనకు సులువు. దిద్దిన మరుక్షణం, ఆమె తనను తాను ఏ పేరుతో పిలుచుకొన్నదో ఆ పేరు పోతుంది. అసలు వెతుకుతున్నది ఆ పేరునే.

మరొకటి. 'మీరు ఆడబాపగా ఉన్నారా' అని నేరుగా అడిగే ప్రశ్నకు జవాబు రాదు, రాకూడదు కూడా. అది బయటివారు పెట్టిన పేరు. ఆ ఇంటి మనుమలు ఇప్పుడు ఉద్యోగాలు చేస్తున్నారు. పెళ్ళిలో వెంట ఎవరు వచ్చారు, సారె ఎవరు మోశారు, ఆ వచ్చినామె మళ్ళీ పుట్టింటికి ఎన్నడైనా పోయిందా అని అడిగితే కథ దానంతట అదే వస్తుంది.

ఆ విద్యార్థిని ఆ సెలవుల్లో తన నాయినమ్మ దగ్గర కూర్చొని పదకొండు పేజీలు రాసుకొచ్చింది. భగేలా అన్న మాట అందులో తాత సందర్భంలో ఏడెనిమిదిసార్లు వచ్చింది. నాయినమ్మ తన గురించి చెప్పుకున్నచోట పేరేమీ లేదు. "అమ్మగారి తోటి వచ్చిన" అని ఒకచోట, "ఆ ఇంట్ల దాన్ని" అని మరొకచోట ఉంది. రెండవ వాక్యాన్ని ఆమె పెన్సిలుతో గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకొంది. నేను దిద్దలేదు.